ఎవరిని గీస్తున్నామో తెలియకపోతే బొమ్మ పలకదండి

సంపాదకులు గారికి నమస్కారం అండి,

పోయిన ఆదివారం మీ పేపర్లో చిత్రకళ మీద ఒక వ్యాసం వచ్చింది. అందులో రాసినాయన ఒక మాట అన్నారు, బొమ్మకి విషయం ఏదైనా ఒకటే, గిన్నె గీసినా గాంధీగారిని గీసినా గీత, రంగు, కంపోజిషన్ కుదిరితే చాలు, గీసేవాడికి ఆ విషయం మీద ప్రేమ ఉందా లేదా అన్నది చూసేవాళ్ళకి అనవసరం అని. చదివి పక్కన పెట్టేద్దాం అనుకున్నా గానీ రెండ్రోజులు అదే బుర్రలో తిరుగుతుంటే ఇంక ఉండలేక రాస్తున్నా. ఆయన పెద్ద చదువులు చదువుకున్నారు, నేను బోర్డులు రాసుకుని బతికినవాణ్ణి, అయినా ఈ ఒక్క విషయంలో ఆయనతో ఒప్పుకోలేనండి. ఎందుకంటే ఆయన చెప్పిన పద్ధతిలోనే నేను ముప్ఫై ఏళ్ళు బొమ్మలు గీశా.

మాది రాజమండ్రి. పదిహేనో ఏట మా గురువుగారి దగ్గర ఎనామిల్ డబ్బాలు మొయ్యడంతో మొదలెట్టా, బ్రష్‌లు కిరసనాయిల్లో కడగడం, గోడకి సున్నం కొట్టడం, దారంతో లైన్లు కొట్టడం, చిన్న ఫోటో మీద గడులు గీసి అవే గడులు గోడ మీద పెద్దగా కొట్టి బొమ్మ దింపడం, అన్నీ అక్కడే వచ్చాయి. తర్వాత సొంతంగా రాసుకున్నా. కళ్ళాసుపత్రి బోర్డు మీద కన్ను, పళ్ళ డాక్టర్ బోర్డు మీద పన్ను, కోళ్ళ షాపుకి కోడి, సిమెంటు కంపెనీ గోడ మీద ఏనుగు, ఎలక్షన్లొస్తే నాయకుల మొహాలు, ఏది చెప్తే అది గీసేవాణ్ణి. చెయ్యి బాగా తిరిగింది, అందరూ నీట్‌గా ఉందనేవాళ్ళు, డబ్బులిచ్చేవాళ్ళు. కానీ ఎన్ని వందల కళ్ళు గీశానో గానీ వాటిల్లో ఒక్కటి కూడా ఎవర్నీ చూడలేదండి. గీత తప్పులేదు, కనుపాపలో తెల్ల చుక్క కూడా ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టేవాణ్ణి, అయినా ఆ కన్ను గోడ మీద రంగే. ఫ్లెక్సీలు వచ్చాక మా పని పోయింది, ఆ సంగతి ఇప్పుడొద్దు, దాని గురించి రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది.

పని పోయాక ఫోటో చూసి ఆయిల్ పెయింటింగ్ వెయ్యడం మొదలెట్టా. ఎక్కువ చనిపోయినవాళ్ళవే వస్తాయి, దండెయ్యడానికి. నాలుగైదేళ్ళ కిందట ఒక కుర్రాడు వచ్చాడు, ఆటో తోలతాడు, వాళ్ళమ్మ పోయి నెల అయ్యిందట, బొమ్మ కావాలన్నాడు. ఫోటో ఏదిరా నాన్నా అంటే ఫోన్ తీసి చూపించాడు. పాత రేషన్ కార్డు మీద ఫ్యామిలీ అంతా కలిపి ఉండే చిన్న ఫోటో ఉంటుంది కదా, అందులోంచి ఆవిడ మొహం ఒక్కటే జూమ్ చేసి తీశాడు. ముక్కెక్కడుందో నోరెక్కడుందో తెలియట్లేదు, మసక. ఇంకోటి లేదా అంటే లేదండి బాబాయ్, అమ్మ ఫోటో తీస్తానంటే పారిపోయేది అన్నాడు. సరే అని ఆ మసకలోంచే ఒకటి గీశా. పదిరోజులు పట్టింది. చీర బాగానే వచ్చింది, బొట్టు, ముక్కుపుడక అన్నీ వచ్చాయి. కుర్రాడు వచ్చి చూసి బాగుందండి అన్నాడు గానీ వాడి మొహంలో ఏం లేదు, ఎవరో ముసలావిణ్ణి చూసినట్టు చూశాడు. అడ్వాన్స్ పోను మిగతా డబ్బులు తియ్యబోతుంటే నాకే మనసొప్పక ఆగు అని కూర్చోబెట్టి టీ తెప్పించి అడిగా, మీ అమ్మ ఏం చేసేదిరా అని.

ఎండాకాలం ముంజలు, చలికాలం తేగలు అమ్మేదట, ఈ కుర్రాణ్ణీ వాడి చెల్లినీ అలాగే పెంచింది. ఇంకా అడిగితే ఒక్కోటీ చెప్పాడు, అమ్మ చేతులు ఎవరికీ చూపించేది కాదండి, కాయలు కోసీ కోసీ కర పట్టి వేళ్ళు నల్లగా అయిపోయేవి, పెళ్ళిళ్ళకెళ్తే కొంగులో పెట్టుకుని కూర్చునేది, ఎవరైనా ఫోటో అంటే ముందు చేతులు దాచేది అన్నాడు. అది చెప్పేటప్పుడు వాడి గొంతు మారింది. నేనప్పుడు ఆ బొమ్మ గోడ వైపు తిప్పి పెట్టేసి, ఇది కాదులే, ఇంకో నెల ఆగు అన్నా.

మర్నాటి నుంచి ముంజల దగ్గర కూర్చోవడం మొదలెట్టానండి. మా వీధి చివర రోడ్డు పక్కన ఒకావిడ అమ్ముతుంది, రోజూ ఓ డజను కొని పక్కనే కూర్చుని ఆవిడ చేతులు చూసేవాణ్ణి. ఏంటి బాబూ అలా చూస్తారు, ముదురువి ఏం లేవు అన్నీ లేతవే అనేది పాపం. కాయ ఎడమచేత్తో పట్టుకుని కత్తితో పైన ఒక్క వేటు, తర్వాత బొటనవేలు లోపలికి తోసి ముంజని పగలకుండా పైకి లేపాలి, నీళ్ళు కారిపోకూడదు. ఆ పనంతా బొటనవేలిదే. గోరు పక్కకి వంగిపోయి ఉంటుంది, గోటి చుట్టూ కర నల్లగా గీతలు గీతలుగా దిగి ఉంటుంది, చూపుడువేలి మీద పాత కత్తి గాట్లు తెల్లగా కనిపిస్తాయి. నల్ల చేతుల్లో ఆ ముంజ తెల్లగా, లోపల లైటు పెట్టినట్టు ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు రంగుల్లో ఉండి ఆ తెలుపు నేనెప్పుడూ చూళ్ళేదు. జింక్ వైట్‌లో కొంచెం నీలం, ఎక్కడో చిటికెడు పసుపు కలిపితే దగ్గరికొచ్చింది.

రెండో బొమ్మలో మొహం ముందుకంటే గొప్పగా ఏం గీయలేదు, అదే మసక ఫోటో కదా మరి. కొంచెం దించి, నీడలో పెట్టి, చేతులు మాత్రం ముందుకి తెచ్చి ఒళ్ళో పెట్టా, కొంగులోంచి సగం బయటికొచ్చి ఉంటాయి, దాచుకోబోయి మర్చిపోయినట్టు. కుర్రాడొచ్చి ఏం మాట్లాడలేదు. చాలాసేపు నించుని చెయ్యి చాపి ఆ బొటనవేలి మీద తన వేలు పెట్టాడు. ఆయిల్ కలర్ ఆరలేదు, గోరు దగ్గర కొంచెం చెరిగింది, అయ్యో బాబాయ్ పాడుచేశా అన్నాడు. ఉండనీరా అన్నా, అది నేను సరిచెయ్యలేదు. ఇప్పటికీ వాళ్ళింట్లో ఆ మరకతోనే ఉంది.

మీ వ్యాసకర్త గారు దీనికి ఏమంటారో నాకు తెలుసు, ఇది సెంటిమెంట్, కళ కాదు అంటారు. నిజమే, ఏడుపొచ్చినంత మాత్రాన బొమ్మ రాదు, అదీ నాకు తెలుసు. మా నాన్న ఇసుక పడవల మీద కూలి. ఆయన పోయినప్పుడు నేను ఏడుస్తూ ఆయన బొమ్మ వేశా, దగ్గరదగ్గర రెండు నెలలు. క్యాలెండర్ మీద దేవుడిలా వచ్చింది, మొహం వెలిగిపోతోంది, భుజాలు రెండూ సమానంగా ఉన్నాయి. మా అమ్మ చూసి, ఇది మీ నాన్న కాదురా, ఇసుక తట్ట మోసీ మోసీ ఎడమ భుజం దిగిపోయి ఉండేది కదా, నువ్వెప్పుడూ చూళ్ళేదా అంది. నాన్నంటే నాకు ప్రాణం, ఆ బాధ నిజం, కానీ ఆ భుజం నేను చూళ్ళేదు. ఆ బొమ్మ ఇంట్లో పెట్టుకోలేక తీసేశా. కాబట్టి ప్రేమ ఉంటే చాలు అని నేననట్లేదండి, ప్రేమ మనిషిని చూసేలా చెయ్యాలి, నా విషయంలో అది కళ్ళు మూసేసింది.

మోనే అని ఫ్రెంచి ఆయన ఉన్నాడు కదా, కలువ పూల కొలను బొమ్మలతో అందరికీ తెలిసినాయన. 1879లో ఆయన భార్య కమీల్ చనిపోయింది, 32 ఏళ్ళకే. ఆయన పక్కన కూర్చుని చనిపోయిన ఆవిడ మొహం గీశాడు. తర్వాత ఎప్పుడో స్నేహితుడు క్లెమెన్సోతో చెప్పుకున్నాడట, అంత ఇష్టమైన మనిషి ఎదురుగా అలా ఉంటే తన కళ్ళు వాటంతటవే ఆ మొహం మీద నీలం, పసుపు, బూడిద రంగులు ఎలా మారుతున్నాయో చూసుకుంటున్నాయని, అది తెలిసి తనమీద తనకే భయమేసిందని. మీ వ్యాసకర్త లాంటివాళ్ళు దీన్ని తీసుకుని, చూశారా, పెయింటర్‌కి భార్య అయినా రంగులే కనిపిస్తాయి అంటారు. నాకు అలా అనిపించదు. ఆ బొమ్మ నేను ఫోన్‌లోనే చూశా, బ్రష్ గబగబా అడ్డంగా లాగేసిన గీతలు, మొహం మీదకి మంచు దిగుతున్నట్టు ఉంటుంది, చెయ్యి ఆగితే మనిషి వెళ్ళిపోతుంది అన్నంత తొందర. రంగులు చూసుకోవడం కోసమే అయితే అక్కడ కూర్చోవాల్సిన పనేంటి, ఆయన ఇంటి బయట నది ఉంది, చెట్లున్నాయి. తనకి తెలిసిన పని అదొక్కటే కాబట్టి ఆవిడ కోసం ఆ పనే చేశాడు అనుకుంటా నేను.

డచ్చి చిత్రకారుడు వ్యాన్ గో సంగతి ఇంకా తేటగా ఉంటుంది. మన గౌతమీ లైబ్రరీలో ఒక పుస్తకంలో చదివి ఆయన బొమ్మల వెనకాల పడ్డా. 1885లో నూనెన్ అనే పల్లెలో ఉన్నప్పుడు వేసిన బంగాళాదుంపలు తింటున్న కుటుంబం బొమ్మ ఉంది, అయిదుగురు, పైన వేలాడే ఒక్క దీపం, కాఫీ పోస్తున్న ఒకావిడ. ఊరికే కూర్చుని వేసెయ్యలేదు, ఆ చలికాలమంతా ఊళ్ళో రైతుల మొహాలు ఒక్కోటీ వేసుకుంటూ పోయాడు, దగ్గరదగ్గర నలభై. ఆ మార్చిలోనే వాళ్ళ నాన్న పోయాడు, ఏప్రిల్లో ఈ బొమ్మ పట్టుకున్నాడు. తమ్ముడికి రాసిన ఉత్తరంలో ఏమన్నాడంటే, పళ్ళెంలోకి చాపుతున్న ఆ చేతులే ఆ నేలని తవ్వాయని, ఆ తిండి వాళ్ళు నిజాయితీగా సంపాదించుకున్నదని తెలియాలి అని. రంగు కూడా మట్టి అంటుకున్న, తొక్క తియ్యని దుంప రంగు. దాన్ని రాతి మీద అచ్చు వేసి స్నేహితుడు వ్యాన్ రాపార్డ్‌కి పంపితే, ఈ చేతులేంటి, ఈ మనుషులేంటి, ఇంత అజాగ్రత్తగా ఎలా వేశావు అని రాశాడు. స్నేహమే చెడింది దానిమీద. నిజానికి కొలతలు పెట్టి చూస్తే తప్పులున్నాయండి ఆ బొమ్మలో, మా గురువుగారైతే చెయ్యి మీద స్కేలుతో కొట్టేవారు. అయినా రెండేళ్ళ తర్వాత పారిస్ వెళ్ళి, రంగులన్నీ మారిపోయాక కూడా, నేను వేసినవాటిలో ఆ దుంపలు తినేవాళ్ళ బొమ్మే మంచిదని చెల్లెలికి రాశాడు. గీత కుదిరితే చాలు అనేవాళ్ళు ఈ బొమ్మ దగ్గర ఏం చెప్తారో నాకు వినాలనుంది.

ఇంకొకటి, ఇది పేపర్ నడిపే మీకు నచ్చుతుందని రాస్తున్నా. విషయంతో బంధం అంటే మనం అక్కడే ఉండాలి, కళ్ళతో చూడాలి అని కాదు. 1937లో పారిస్ ప్రదర్శనలో స్పెయిన్ వాళ్ళ పెవిలియన్‌కి ఒక పెద్ద బొమ్మ కావాలని చిత్రకారుడు పికాసోని ఆ ఏడాది మొదట్లోనే అడిగారు. నెలలు గడిచినా ఆయనకి ఏం వెయ్యాలో తోచలేదు, స్టూడియోలో పెయింటరు, మోడలు అంటూ ఏవో గీసుకుంటున్నాడు. చెయ్యి తిరిగినవాడు కాదా ఆయన, అంతకంటే టెక్నిక్ ఎవరికుంది. ఏప్రిల్ 26న స్పెయిన్‌లో గెర్నికా అనే ఊరి మీద బాంబులేశారు, ఆ వార్త పారిస్ పేపర్లలో వచ్చింది, మే 1న పెన్సిల్ పట్టాడు, జూన్ మొదట్లోకి మూడున్నర మీటర్ల ఎత్తు, ఏడుమీటర్ల ముప్పావు వెడల్పు ఉన్న బొమ్మ అయిపోయింది. ఆ ఊరిని బాంబులప్పుడు ఆయన చూళ్ళేదు, పేపర్లోనే చదివాడు. ఆ బొమ్మ కూడా నలుపు, తెలుపు, బూడిదే, పాత పేపర్ లాగా. చచ్చిపోయిన బిడ్డని ఒళ్ళో పెట్టుకుని మెడ పైకెత్తి అరుస్తున్న తల్లిని చూస్తే రంగు లేకపోవడం గుర్తే రాదు. నెలల తరబడి కదలని చెయ్యి నాలుగైదు రోజుల్లో ఎలా కదిలిందో విషయం అనవసరం అనేవాళ్ళు చెప్పాలి మరి.

మన దగ్గరికొస్తే, మా ఊళ్ళోనే చిత్రకారుడు దామెర్ల రామారావు గారి గ్యాలరీ ఉంది. ఆయన 1897లో ఇక్కడే పుట్టారు, 1925లో మశూచితో పోయారు, నిండా 28 ఏళ్ళు లేవు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన చెయ్యి చూసి బొంబాయిలో బొమ్మలు నేర్పే జేజే స్కూల్‌కి పంపించారు. పెద్ద ఊళ్ళోనే ఉండిపోకుండా వెనక్కొచ్చి ఇక్కడ పిల్లలకి బొమ్మలు నేర్పారు. ఆయన పోయాక స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు వాళ్ళు ఆ బొమ్మలు కాపాడబట్టి మనం చూడగలుగుతున్నాం. నేను ఆ గ్యాలరీ ముందు నుంచి సైకిల్ మీద నిచ్చెన, డబ్బాలు వేసుకుని ఇరవై ఏళ్ళు వెళ్ళా గానీ లోపలికి వెళ్ళింది పని పోయాకే. సిద్ధార్థ రాగోదయం అనే ఆయన బొమ్మ ముందు నించుంటే అందులో ఆడవాళ్ళు నించున్న తీరు, చీర కట్టు చూసి వీళ్ళు మనవాళ్ళే అనిపించింది. గోదావరి బొమ్మల దగ్గర అయితే ఇంకా కదల్లేదు నేను, ఆ నీళ్ళు ఆయన రోజూ చూసిన నీళ్ళు కదా.

తెలంగాణ వైపు సిద్దిపేటలో కాపు రాజయ్య గారు, డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశారు, బోనాలు, బతుకమ్మ, పల్లె మనుషులు, జీవితమంతా వాళ్ళనే వేశారు. తోట వైకుంఠం గారు కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టి బరోడా దాకా వెళ్ళి పెద్ద చిత్రకారుడు కేజీ సుబ్రమణ్యన్ గారి దగ్గర నేర్చుకుని కూడా చివరికి పట్టుకున్నది ఆ ఊరి ఆడవాళ్ళనే, పెద్ద బొట్టు, పసుపు, ఎర్ర చీర. వాళ్ళమ్మని తలుచుకుని వేస్తానని ఆయనే చెప్పారు. బరోడాలో నేర్చుకున్న టెక్నిక్ ఎక్కడికీ పోలేదు, ఆ అమ్మ దగ్గరికి వచ్చాక అది ఆయనది అయ్యింది.

ఇంత రాయడానికి అసలు కారణం ఇంకోటి ఉందండి. పోయిన ఏడాది మా ఊళ్ళో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ పోటీ పెట్టి నన్ను జడ్జిగా పిలిచారు. టాపిక్ పర్యావరణ పరిరక్షణ. అరవై మంది పిల్లలు గీశారు, యాభై బొమ్మలు ఒకటే, భూగోళం, దాన్ని పట్టుకున్న రెండు చేతులు, సగం పచ్చగా సగం ఎండిపోయి, అన్నీ యూట్యూబ్‌లోవే. చేతులు ఎవరివో తెలియదు, ఆ పిల్లల్లో ఎవడికీ ఆ భూగోళంతో ఏ సంబంధం లేదు. ఒక్క పిల్లాడు, ఆరో క్లాసు అనుకుంటా, ఒక గుంజ గీశాడు. గుంజకి తాడు, తాడు చివర ఏం లేదు. పక్కన కుడితి గోలెం, అందులో నీళ్ళలో ఆకాశం. గేదె లేదు. తాడు ముడి దగ్గర పెన్సిల్ ఎంత నొక్కాడంటే కాగితం చిరిగింది. ఇదేంట్రా అంటే మా గంగని అమ్మేశారండి, మేత లేదని అన్నాడు. ఊరి చెరువుగట్టు ప్లాట్లు వేశాక మేపడానికి చోటు లేదట. ఇంతకంటే పర్యావరణం ఏముంటుందండి. నేను ఫస్ట్ ప్రైజ్ దీనికే అన్నా. స్కూల్ వాళ్ళు ఒప్పుకోలేదు, టాపిక్‌కి సంబంధం లేదు సార్, కాగితం కూడా చిరిగింది, పేరెంట్స్ అడుగుతారు అన్నారు. భూగోళానికే ఇచ్చారు. కన్సొలేషన్ అన్నా ఇవ్వండి అని బతిమాలా, అదీ ఇవ్వలేదు. ఆ రోజు రాత్రి నాకు అన్నం సయించలేదు. నాకూ చిన్నప్పుడు ఇలాగే నేర్పారు, ఏది చెప్తే అది గీయడం, ముప్ఫై ఏళ్ళు కన్ను గీసి చూపు గీయలేకపోయా, ఈ పిల్లాడు ఆరో క్లాసులోనే చూశాడు, వాణ్ణి మనం భూగోళం గీయమంటున్నాం.

అందుకే మీకు ఒక విన్నపం. మీ పేపర్లో పిల్లల పేజీలో ప్రతి నెలా బొమ్మల పోటీ పెడతారు, టాపిక్ ఇస్తారు, స్వచ్ఛత, ట్రాఫిక్ రూల్స్, జాతీయ సమైక్యత. ఒక్క నెల టాపిక్ మానేసి, మీ ఇంట్లో మీకు బాగా తెలిసిన మనిషినో జంతువునో వస్తువునో చూసి గీయండి, కింద రెండు లైన్లు దాని గురించి రాయండి అని అడగండి. గీత వంకరగా ఉన్నా, కాగితం చిరిగినా వెయ్యండి. చూడ్డానికి మనిషి కావాలంటే నేనొస్తా, డబ్బులేం వద్దు.

మీకు చూపించడానికి ఆ గుంజ బొమ్మ కూడా ఈ ఉత్తరంతో పంపుదామని మొన్న ఆ పిల్లాడి ఇంటికెళ్ళి అడిగా, పేపర్లో వేయిస్తానురా, మళ్ళీ తెచ్చిస్తా అని కూడా చెప్పా. పుస్తకం మధ్యలోంచి తీసి చూపించాడు, చిరిగిన చోట వెనకాల గమ్ టేపు అంటించుకున్నాడు. చేతికి మాత్రం ఇవ్వలేదు. ఇవ్వనండి, ఇది మా గంగది అన్నాడు.

ఇట్లు,
ఒక పాత బోర్డు ఆర్టిస్ట్,
రాజమండ్రి